బల్గేరియన్లు, ఐస్‌లాండర్లు, మా పైడమ్మప్ప

బంటింగ్ సంత నుంచి బయటికి వచ్చే దారిలో ఈమధ్య ఒక నూనె దుకాణం పెట్టారు. దాని వెనక షెడ్డులో కొబ్బరి ఎండబెడతారు. కొంచెం పొగ, కొంచెం తీపి, కొంచెం ముక్కిన కంపు కలిసిన వాసన అది. పోయిన ఆదివారం ఆ వాసన తగలగానే కూరగాయల సంచీతో అలాగే నిలబడిపోయాను. వెనక మోటర్‌సైకిల్ మీదున్నాయన హారన్ కొట్టి తమిళంలో విసుక్కున్నాడు. నాకు మాత్రం సుంగై సుమున్ రోడ్డు, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, నాకన్నా పది అడుగులు ముందు గొడుగు ఊపుకుంటూ నడిచే ఒక పొట్టి మనిషి కనిపించారు. ఆమె పేరు పైడమ్మ. డాక్టర్ పైడమ్మ. నేను మాత్రం పైడమ్మప్ప అనేదాన్ని. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో ఈ మలయ్ దేశానికి వచ్చినవాళ్ళు, మాకు అక్క అంటే అప్ప. తమిళంలో అప్పా అంటే నాన్న. ఒకసారి ఇపోలో టాక్సీ నడిపే తమిళాయన, నేను అప్పా అప్పా అనడం విని, అద్దంలోంచి మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఉండబట్టలేక “ఇవంగ ఉంగ అప్పావా?”, ఈమె మీ నాన్నా, అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె తాపీగా “ఆమాం”, అవును, అంది. ఇక దారంతా ఆయన అద్దం వైపు చూడకుండా బండి నడిపాడు.

ఆమె నాకు దొరికింది నా ఉద్యోగం పోయిన నెలలో. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో మా లైను మూసేశారు. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, కూతురు రెండో తరగతి. గుడి నోటీసు బోర్డు మీద, తెలుగూ తమిళమూ మాట్లాడుతూ ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగేవాళ్ళు కావాలని ఒక కాగితం కనిపిస్తే ఫోన్ చేశాను. బస్టాండు పక్క టీకొట్టుకు రమ్మంది. నూలు చీర, మగవాళ్ళ చేతి గడియారం, కాళ్ళకు రబ్బరు చెప్పులు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషని నమ్మబుద్ధి కాలేదు.

“ఏటి సదివినావు?” అని అడిగింది.

“ఫారం ఫైవ్, హైస్కూలు దాకా, మేడం.”

“తెలుగు?”

“మా తాత నేర్పినాడు. సదవగలను, రాయగలను.”

“ఫ్యాక్టరీలో ఏటి సేసేదానివి?”

“తొడుగుల్లో కన్నాలున్నాయేమో సూసేదాన్ని.”

ఆమె టీ గ్లాసు కింద పెట్టి గట్టిగా నవ్వింది. “మరింకేటి! మనకీ అదే పని. కాపోతే మేడం అనకు, అప్పా అను.”

పైడమ్మప్ప బాగన్ దతుక్ వైపు ఎస్టేటులో, కొబ్బరికాయలు ఏరే కూలీల ఇంట్లో పుట్టింది. వరసగా కట్టిన ఆ కూలీల లైన్ ఇళ్ళ నుంచి యూనివర్సిటీకి, అక్కడి నుంచి కెనడాకు వెళ్ళింది. అక్కడ ఆమె ఏళ్ళ తరబడి చేసిన పని వింటే నాకు మొదట విచిత్రంగా అనిపించింది. బల్గేరియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, ఐస్‌లాండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఎవరెలా బతుకుతున్నారని పోల్చి చూడటం. ఆ రెండు దేశాలూ మ్యాప్‌లో ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. మన ఎస్టేటు పిల్లకు వాళ్ళ గొడవ దేనికని అడిగాను. మేము సుంగై సుమున్‌కు బస్సులో వెళుతున్నాం, కిటికీ మీద వాన కొడుతోంది.

“మన గురించి సదువుతానంటే అప్పుడు ఎవురూ ఒప్పుకోనేదు. దొరికింది సేసినాను” అంది. తర్వాత చెప్పుకుంటూ పోయింది.

ఐస్‌లాండ్‌వాళ్ళు తాతముత్తాతల కాలంలోనే వచ్చినవాళ్ళు. సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుంటూ మొదలుపెట్టి, పొలాలూ ఇళ్ళూ సంపాదించుకున్నారు. బల్గేరియన్లు నిన్నగాక మొన్న పెద్ద చదువులతో దిగినవాళ్ళు. ఆ చదువులకు అక్కడ విలువ లేక టాక్సీలు నడిపేవాళ్ళు, ఆఫీసులు తుడిచేవాళ్ళు. కాగితం మీద చూస్తే ఎవరు బాగున్నారో తేలిపోయినట్టే. అయితే ఒక ఐస్‌లాండ్ ముసలాయన పెద్ద ఇంట్లో, పన్నెండు మంది కూర్చునే బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఈమెను ముప్పావు రోజు కదలనివ్వలేదట. ప్రశ్నలు అయిపోయినా మళ్ళీ కాఫీ పెట్టాడు. ఆయన తల్లి భాషలో ఆయనకు మిగిలినవి రెండు మూడు పిండివంటల పేర్లు. ఆ వారంలో తన ఇంట్లో వినిపించిన మనిషి గొంతు ఈమెదేనని ఆయనే చెప్పాడు. బల్గేరియన్ల దగ్గరికి వెళితే రెండు గదుల్లో ఆరుగురు. పక్కింటివాళ్ళు తలుపు కొట్టకుండా వచ్చి, వేయించిన మిరపకాయల గిన్నె పెట్టి పోతున్నారు. ఒకటే నవ్వులు.

“నేనేటి సేసినానో తెల్సా? ఈళ్ళకి డబ్బు నేదు గానీ సుఖంగా ఉన్నారు అని రాసీసినాను. ఆ ఇంటామె సదివింది. నా ముందే కాగితం సింపీసింది.”

“ఎందుకప్పా?”

“ఆమె కెమిస్టు. సొంత దేశంలో ల్యాబు నడిపిన మనిషి, కెనడాలో బాత్రూములు కడుగుతోంది. ‘మేం నవ్వినామని మాకేటీ అక్కర్నేదు అనుకున్నావా? నేను కెమిస్టునని రాయి’ అంది. ఆ రోజు నాకు సదువొచ్చింది.”

బస్సు ఆగింది. ఆమె గొడుగు తెరుచుకుని దిగిపోయింది. నేను ఆ కెమిస్టును తలుచుకుంటూ ఒక్క నిమిషం సీట్లోనే ఉండిపోయాను. డబ్బు ఉంటే సుఖం అనుకునేవాళ్ళు కొందరు, లేనివాళ్ళే హాయిగా ఉంటారనుకునేవాళ్ళు కొందరు. ఆ రెండూ ఒకటే రకం సోమరితనమని పైడమ్మప్ప నమ్మకం. అందుకే ఆమె ఫారంలో రాబడికి ఒక పేజీ, మనుషులకు ఒక పేజీ ఉండేవి. రెంటినీ కలిపి ఒక ముక్కలో తేల్చడానికి ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు.

రిటైరయ్యాక ఆమె అదే పని మనవాళ్ళ మధ్య మొదలుపెట్టింది. ఒకవైపు సుంగై సుమున్ పల్లెలో ఎస్టేటు కూలీల సంతతి, మరోవైపు ఇపో పట్నంలో గుమాస్తాల, వ్యాపారుల సంతతి. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరి తాతలూ దాదాపు ఒకే కాలంలో ఓడ ఎక్కినవాళ్ళే. ఇపో ఇళ్ళలో మాకు కుర్చీ, చల్లటి సిరప్ షర్బతు ఇచ్చేవారు. ఇంగ్లీషులో బదులిచ్చేవారు. పిల్లలకు తెలుగు అర్థమయ్యేది గానీ నోట్లోంచి వచ్చేది కాదు. నారాయణరావు గారని ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన తండ్రి బాగన్ దతుక్ ఎస్టేటులో గుమాస్తా. “వియ్ ఆర్ డూయింగ్ ఫైన్ లాహ్. అలాగే రాసెయ్యమ్మా” అనేవారు నాతో, ఇక్కడ అందరికీ అలవాటైన ఆ లాహ్ తగిలించి. సుంగై సుమున్‌లో అందరూ ముందు “ఏటి, తిన్నావా?” అని అడిగేవాళ్ళు. ఆ మాటా, ప్రశ్న మధ్యలో వాళ్ళు లేచి కోళ్ళను తోలి రావడమూ, సమాధానం మార్చుకోవడమూ, అన్నీ నేను ఫారం అంచుల్లో పెన్సిల్‌తో రాసేదాన్ని. అలా రాయమని ఆమే చెప్పింది.

ఇక నేను చేసిన తప్పు గురించి. ఆ నవంబరులో వానలు ఆగలేదు. మా అమ్మాయికి జ్వరం. సుంగై సుమున్‌లో ఇంకా ఆరు ఇళ్ళు మిగిలాయి. ఆ ఇళ్ళను రోడ్డు మీద నుంచి చూసే ఉన్నాను. పిల్ల మంచం పక్కన కూర్చుని ఆరు ఫారాలూ నేనే నింపేశాను. నా మట్టుకు నేను దయగానే రాశాననుకున్నాను. అందరికీ ఆరోగ్యం బాగుంది. అందరికీ పౌరసత్వం ఉంది. అందరూ పిల్లలతో మాట్లాడుతుంటారు.

వారం తర్వాత ఆమె ఆ ఆరింటినీ టీకొట్టు బల్ల మీద పరిచింది.

“ఈళ్ళలో ఒక్కళ్ళూ నిన్ను తిన్నావా అని అడగనేదేటి?” అంది.

అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. తిడుతుందనుకున్నాను, పని మానెయ్యమంటుందనుకున్నాను. ఆమె గడియారం చూసుకుంది.

“పిల్లకి జొరం తగ్గిందా?”

“తగ్గింది అప్పా.”

“అయితే రేపు ఏడింటి బస్సు. ఆరిళ్ళకీ ఎల్దాం.”

మరునాడు మేము మొదట వెళ్ళిన ఇల్లు ఖాళీగా ఉంది. తలుపుకు తుప్పు పట్టిన తాళం. పక్కింటివాళ్ళను అడిగితే వాళ్ళు ఎప్పుడో క్లాంగ్ వెళ్ళిపోయారన్నారు. ఎవరూ లేని ఇంటికి నేను ఆరోగ్యం, సంతోషం రాసిపెట్టాను. ఆ తాళం వైపు చూస్తూ ఏడ్చాను. పైడమ్మప్ప నా ఏడుపు అయ్యేవరకు గొడుగు పట్టుకుని నిలబడి, “ఇంకో ఇల్లు” అంది.

మూడో ఇల్లు సింహాచలం అవ్వది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. మమ్మల్ని చూడగానే “రండే, తిన్నారా?” అంది. పైడమ్మప్ప కింద చాప మీద కూర్చుంది. ప్రశ్నలు మొదలుపెట్టలేదు. మోకాళ్ళ గురించి, కోళ్ళ గురించి మాట్లాడుకున్నారు. చివరికి నేను, “అవ్వా, నీ గుర్తింపు కార్డు ఏ రంగు?” అని అడిగాను. అవ్వ లేచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో ఎర్ర కార్డు ఉంది. ఇక్కడ పౌరులకు ఇచ్చేది నీలం కార్డు. ఎర్రది, ఉండటానికి అనుమతి ఉన్న పరాయివాళ్ళకు.

“నువ్వు ఎక్కడ పుట్టినావు అవ్వా?” అని అడిగాను.

“ఇక్కడే! ఆ ఎస్టేటులోనే! మా అయ్య కాగితం రాయించనేదు. అయ్యకి రాత రాదు.”

“ఇన్నాళ్ళూ ఎవురికీ సెప్పనేదా?”

“ఎవురూ అడగనేదు గదా.”

నా ఫారంలో ఆ గడిలో ‘ఉంది’ అని ఉంది. పైడమ్మప్ప ఆ తెల్లటి అంచులు గమనించకపోయి ఉంటే ఆ మాటే మిగిలిపోయేది.

అవ్వకు నీలం కార్డు తెప్పించే పని ఆమె నెత్తిన వేసుకుంది. అవ్వ ఇక్కడే పుట్టిందని ప్రమాణం చేసి చెప్పగల మనిషి కావాలి. మంత్రసాని ఎప్పుడో పోయింది. లైన్ ఇళ్ళవాళ్ళలో అంత వయసున్నవాళ్ళు మిగల్లేదు. పైడమ్మప్ప మా ఫారాలన్నీ ముందేసుకుని మూడు రోజులు చదివింది. చదివి, నారాయణరావు గారి తండ్రీ అవ్వ తండ్రి అప్పన్నా ఒకే ఎస్టేటులో పనిచేశారని పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది.

“మీ నాన్నగారు పనిచేసిన ఎస్టేటులో, మీకు పదేళ్ళప్పుడు, కొబ్బరికాయలు ఏరే అప్పన్నకి ఆడపిల్ల పుట్టింది. గురుతుందా?”

పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. “వానాకాలం” అన్నారు చివరికి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి తడుముకుంటూ. “మా అమ్మ పాత చీర ఇచ్చి పంపింది, పాపకు బొంత కుట్టమని. నేనే తీసుకెళ్ళాను.” మళ్ళీ ఆగి, “వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళడం అదొక్కసారే. మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేవారు కాదు. వాళ్ళను మా వరండా ఎక్కనిచ్చేవారు కాదు” అన్నారు.

ఆయన ప్రమాణం చేయడానికి వచ్చారు. అంత దూరం కారులో కూర్చుని, కర్ర పట్టుకుని మెట్లు ఎక్కారు. కార్డులిచ్చే ఆఫీసు బెంచీ మీద అవ్వ పక్కనే కూర్చున్నారు. అవ్వ లేచి నిలబడబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. “కూర్చో అమ్మా. ఆలస్యం చేశాను” అన్నారు తెలుగులో. ఆయన అంత తడుముకోకుండా తెలుగు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అప్పటికి పైడమ్మప్పకూ డెబ్బై ఏళ్ళు. రెండేళ్ళ పాటు, ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు, అవ్వను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఎప్పుడూ కాలు నొప్పి అనలేదు, ఎవరి మీదా గొంతు పెంచలేదు. నేను రెండుసార్లు విసిగిపోయి మానేద్దామన్నాను. “ఐస్‌లాండ్ ముసలాయన నాకు నాలుగు కాఫీలు ఇచ్చినాడు. నేను మల్లీ ఎల్లనేదు. ఆయన పోయినాడని ఉత్తరమొచ్చింది” అంది. అంత చదువు చదివిన మనిషి లోపల ఆ ఒక్క బాకీని అన్నేళ్ళు మోసిందని అప్పుడు అర్థమైంది.

నీలం కార్డు వచ్చిన రోజు అవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుని తన ఫోటో వైపు చాలాసేపు చూసింది. “ఇప్పుడు బాగుందా అవ్వా?” అని అడిగాను. “కాళ్ళు నొప్పులే లాహ్” అని నవ్వింది. ఆ మాట కూడా నేను రాసుకున్నాను.

పైడమ్మప్ప పోయి మూడేళ్ళు. ఆమె బతికుండగా ఆ పని గురించి ఇపోలో చెప్పినప్పుడు సభలో ఒకాయన, ఇంతకీ ఎవరు బాగున్నారు, ఊరివాళ్ళా మేమా అని అడిగాడు. ఆమె రెండు పేజీలూ చదివి, “మీరూ వాళ్ళూ ఎప్పుడు కలిశారు?” అని ఎదురు ప్రశ్న వేసి కూర్చుంది. ఎవరో ఒకామె లేచి, సుంగై సుమున్‌కు బస్సు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

ఇప్పుడు నేను బంటింగ్ చుట్టుపక్కల ఫ్యాక్టరీ హాస్టళ్ళకు వెళతాను. నేపాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కునే పని. మొన్న ఒక హాస్టల్లో దీపక్ అనే నడివయసు మనిషి, నేపాల్ ఆయన, నా ప్రశ్నలన్నిటికీ మలయ్‌లో “బాయిక్, బాయిక్” అన్నాడు. అన్నీ బాగున్నాయని. బయట నన్ను తీసుకొచ్చిన వ్యాన్ డ్రైవర్ తొందరపెడుతున్నాడు. నేను పెన్ను మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. కొంతసేపటికి, తన ఊళ్ళో తాను లెక్కల మాస్టారునని చెప్పాడు. చెబుతూ చెబుతూ వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను వ్యాన్‌ను వెళ్ళిపొమ్మని చెప్పి వచ్చి, ఆయన ఎదురుగా మళ్ళీ కూర్చున్నాను.