ఫలజ్‌లో కలిసిన ఆయిల్

ఒక మనిషి మంచితనం ఇన్నేళ్లుగా నా గుండె మీద బరువై కూర్చుంది. మీకు చెబుతున్నాను. మీకే ఎందుకు? ఎదురుగా లేరు కనుక కావచ్చు.

డెబ్బైలలో అరబ్బు దేశంలో, బౌషర్ అనే ఊరి దగ్గర రోడ్డు పనిలో నేను మెకానిక్‌ని. సైట్ ఇంజనీరు అమెరికా ఆయన, అందరం దొర అనేవాళ్లం. తమ దేశంలో నూనె తేలి ఒక నదికే నిప్పంటుకుందని, ఆ తర్వాతే నీళ్లు పాడుచేసేవాణ్ని పట్టుకునే గట్టి చట్టం వచ్చిందని చెప్పేవాడు. ఇక్కడ ఆ చట్టం అడిగేవాడు లేకపోయినా, లారీల పాత ఆయిల్‌ని డ్రమ్ముల్లో నింపించి దూరంగా పంపించేవాడు. అంత నికార్సయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒకరోజు డ్రమ్ములన్నీ నిండాయి. బండి రాలేదు. సైట్ వెనక మట్టిగట్లతో వరుసగా గుంతలున్నాయి, అచ్చం మా కరీంనగర్ వైపు పాడుబడ్డ బావుల్లా. తొంగిచూశాను, చీకటి. పోసేశాను.

అవి బావులు కావు. ఊరికి నీళ్లు తెచ్చే ఫలజ్ అనే సొరంగ కాలువలోకి దిగే దారులు. మర్నాడు ఊరి తాగునీళ్లలో నూనె తేలింది. పెద్దలు సైట్‌కు వచ్చారు. దొరకు అరబ్బీ మాటలు విప్పిచెప్పే కడప ఖాదర్ భాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఏం రా, నువ్వు గానీ పోసినావా?"

"నేనెందుకు పోస్త భాయ్? నాకేం ఎరుక?"

"నిజం చెప్పు. నువ్వు ఏం చెప్తే దొర అదే నమ్ముతాడు."

"నేను గాదు."

దొర నమ్మాడు. అయినా ఎవరు పోసినా ఆయిల్ నా సైట్‌దే, తప్పు నాదే అని ఖాదర్ భాయ్ చేత పెద్దలకు చెప్పించాడు. ప్యాంటు మడిచి సొరంగంలోకి దిగి వాళ్లతో కలిసి రాళ్లు తోమాడు. వెనకే నేనూ దిగాను. నీళ్లు తేటపడేదాకా మా ట్యాంకర్‌తో ఊరికి నీళ్లు పంపాడు. పని ఆగిపోయిందని కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేసింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? తెలియక పోశాను, సరే; తెలిశాక నోరు మూసుకున్నది ఎవరు? నన్నూ పంపేస్తారని భయం. ఆయన ఉద్యోగం పోతుంటే చూస్తూ నాది కాపాడుకున్నాను.

వెళ్లే రోజు దొర నా భుజం మీద చెయ్యి వేసి, అందరికంటే ఎక్కువ కష్టపడి రాళ్లు తోమింది ఇతనే అన్నాడు. ఊరి పెద్దాయన ఖర్జూరాల పళ్లెం ముందు నాకే అందించాడు. తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. ఒకటి తీసుకుని తిన్నాను.

దొరా, పోసింది నేనే. ఈ మాట మీకు చేరదని తెలుసు. ఇవాళ్టికి నా నోరైనా దాటింది.