మైదానంలో గోవిందా

మాది పి.గన్నవరం. భజన సమాజంలో గోవింద నామం చెప్పిస్తూ పెరిగి, యూనివర్సిటీ డ్యాన్స్ బృందంలో చేరాను. మ్యాచ్‌కు ముందు నాట్యం చేస్తూ, నినాదాలతో జట్టును ఉత్సాహపరచడం మా బృందం ఆనవాయితీ.

అమలాపురంలో కబడ్డీ ఫైనల్‌కు నినాదం ఎత్తుకునే అవకాశం మొదటిసారి నాకిచ్చారు. చెయ్యెత్తగానే కంగారులో జట్టు పేరు మరిచిపోయి, అలవాటుగా "గోవిందా!" అని అరిచాను.

అవతలి జట్టు పగలబడి నవ్వింది. "ఆయ్, మీ కప్పు గోవిందా అండీ!"

మా లీడర్ లలితక్క పళ్ళు కొరికింది. "పరువు తీసేవు కదే! వెనక్కెళ్ళు. ఇంకెప్పుడూ నినాదం నీకివ్వను."

స్వామి పేరు పలికినందుకు సిగ్గుపడాలా? "వెళ్ళనక్కా" అని, ఇంకా గట్టిగా "గోవిందా!" అన్నాను. జనంలోంచి ఓ పెద్దావిడ "గోవిందా!" అని బదులు పలికింది. వెంటనే మైదానమంతా అందుకుంది.

మ్యాచ్ ఓడిపోయాం. అయినా మైదానమంతా పలికిన తీరు చూసిన అక్క, తర్వాతి పోటీలో నినాదానికి నన్నే ముందు నిలబెట్టింది. నలుగురు నవ్వారని స్వామి పేరు మింగేసుకుంటే ఇక నోరెందుకు?