బావ అన్న పిలుపు

డెబ్బైల నాటి మాట. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు మహారాష్ట్రలో నాందేడు పత్తిమిల్లులో ఉద్యోగం వస్తే, గుంటూరు నుంచి మోటార్‌సైకిల్ మీదే బయల్దేరాం. మూడు రోజుల దారి. మొదటి రోజంతా పాటలు పాడుకున్నాం. చివరి రోజు బిలోలి దగ్గర రెండో పంక్చరు పడేసరికి మాటలే మానేశాం.

నాందేడులో ఓ రొట్టెల అంగడి ముందు ఆగాం. రొట్టెలు చేసే ఆమెది నా వయసే, తెలంగాణ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ తెలుగామె.

"బావూ, ఇంకో రొట్టె ఏసుకో. గింత దూరం ఎట్ల నడిపినవో ఏమో!" అంటూ పొగలు కక్కే జొన్నరొట్టె ఆయన పళ్లెంలో వేసింది. నాకు పెట్టింది చల్లారిన రొట్టె. మాది మేనరికం కాదు. నేనే ఆయన్ని ఏనాడూ బావా అని పిలవలేదు. నాలుగోసారి 'బావూ' అనేసరికి నాకు ఒళ్లు మండింది.

"మా ఆయన నీకు బావ ఎప్పుడయ్యాడమ్మా?"

ఆమె పకపకా నవ్వింది. "బావ గాదమ్మా, భావు! మరాఠీల భావు అంటే అన్న. గట్లయితే నువ్వు నాకు ఒదినెవు."

నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కకు తిరిగి చూస్తే, నోటి దాకా వెళ్లిన రొట్టె ముక్క ఆయన చేతిలోనే ఆగిపోయి ఉంది. మొహం వాడిపోయింది. ఇంకో రొట్టె వేయబోతే వద్దన్నాడు.

అన్న అనగానే ఆయన ఆకలి చచ్చిపోయింది. అది చూసి మళ్లీ రేగిన నా మంట మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.