అమ్మ ఆరబెట్టని ధాన్యం

పొలాన్ని అమ్మ చాలా ఏళ్ళ కిందటే నా పేర మార్పించింది. ధాన్యం ఆరబెట్టే పని మాత్రం నాకివ్వలేదు. నేను అనకాపల్లిలో ఉద్యోగం చేసుకుంటూ కోతల రోజుల్లో మా ఊరికి కోటవురట్ల బస్సెక్కేవాణ్ణి. వెళ్ళి, ధాన్యం ఆరబోసిన బరకం పట్టా పక్కన నీడ చూసుకుని కూర్చునేవాణ్ణి.

మొదట్లో కళ్ళంలోకి వ్యాపారే వచ్చేవాడు. గుప్పెడు గింజలు తీసి, ఊది, తడుందనేవాడు. ఆ మాట మీద ధర తగ్గేది. తర్వాత ప్రభుత్వం మద్దతు ధరకు కొనే సెంటర్ ఊళ్ళోకి వచ్చింది. దాని అసలు పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది కాబట్టి అందరూ సెంటరనే అంటారు. అక్కడ తేమ కొలిచే మిషన్ ఉంటుంది. పదిహేడు శాతం దాటితే ధాన్యం తీసుకోరు. ఈ మార్పు గురించి నేను చాలా వ్యాసాలు చదివాను. అమ్మ ఒక్కటీ చదవలేదు గానీ, వ్యాపారి నోటికన్నా మిషన్ నయమని తేల్చేసింది.

అయినా మొదటిసారి దానితో తగువు పడింది. సెంటర్‌లో పనిచేసే అమ్మాయికి అదే మొదటి ఉద్యోగం. మిషన్ పట్టుకుని మా కళ్ళంలోకి వచ్చి, ధాన్యం కొలిచి, "పంతొమ్మిది వచ్చిందండి" అంది.

"నీ మిషన్‌కి జొరమొచ్చిందేమో సూడమ్మీ. పొద్దున్నించీ తొక్కుతన్నాను, నా కాళ్ళకి తెలీదేటి?"

అమ్మ ఆరబోసిన ధాన్యంలో చెప్పుల్లేకుండా కాళ్ళీడ్చుకుంటూ తిరిగేది. గింజలు తిరగబడేవి, ఎంత ఆరాయో అరికాలికి తెలిసేది.

"ఎలా తెలుత్తాదండి?" అమ్మాయి నిజంగానే అడిగింది.

"సెప్పులిప్పి దిగు. సల్లగుంటే తడున్నట్టు, గుచ్చుకుంటే ఆరినట్టు. దురదెడితే మాత్రం నన్ను తిట్టకు."

ఇద్దరూ మధ్యకి నడిచారు. అక్కడ అమ్మ ఆగింది. రాత్రి మంచుకి అడుగున చెమ్మ చేరింది.

"నీ మిషనే గెలిసిందిలే" అని, మళ్ళీ ఆరబోసింది.

అమ్మకి అన్నీ తెలుసని రాయడం తేలిక. అది నిజం కాదు.

ఈ ఏడు వరి ఇంకా ఈనక, పొట్ట మీదుండగా అమ్మ పోయింది. తను దగ్గరుండి నాట్లు వేయించిన పంట అది. కోతలయ్యాక వ్యాపారి కనిపించి, "మబ్బట్టేలాగుంది, నాకిచ్చెయ్ బావా. నీవల్ల ఏటవుద్ది?" అన్నాడు.

ఇవ్వనన్నాను. అమ్మ చివరి పంట అతని నోటిమాట ధరకి పోవడం నాకిష్టం లేదు. మూడు రోజులు ఎండలో కాళ్ళీడ్చుకుంటూ తిరిగాను. అరికాళ్ళు మండాయి తప్ప ఏమీ తెలియలేదు.

నాలుగో రోజు ఆ అమ్మాయి వచ్చి కొలిచింది. పద్దెనిమిది. సెంటర్ కొన్న ధాన్యాన్ని మిల్లుకి తీసుకెళ్ళే లారీ సాయంత్రం వస్తుంది. తూర్పున మబ్బు కమ్ముతోంది. ఆమె చెప్పులు విప్పి ధాన్యంలోకి దిగింది. మధ్యకి వెళ్ళి నిలబడింది.

"మజ్జలోది తిరగెయ్యలేదేటి సార్? అడుగంతా సల్లగుంది."

"మధ్యలో తొక్కితే గింజ నలుగుతుందేమోనని అంచుల్లోనే తిరిగాను."

"మీయమ్మగారుంటే తిట్టేవోరు" అని నవ్వింది.

ఇద్దరం మధ్యది తిరగేసి పలచగా నెరిపాం. మబ్బు కురవకుండా పక్కకి పోయింది. మధ్యాహ్నం దాటాక మిషన్ పదిహేడు చూపించింది. అమ్మాయి నాకు కనిపించేలా దాన్ని పైకెత్తి పట్టుకుంది. సాయంత్రం బస్తాలు లారీ ఎక్కాయి.

నేను కాళ్ళు కడుక్కోకుండానే బస్సెక్కాను. అనకాపల్లిలో దిగేదాకా దురద పెడుతూనే ఉంది.