దొర బంగళాలో కరెంటు పంకా

మొన్న మా మనవరాలు విశాఖపట్నం హార్బరు దగ్గర కొన్న జపాను టేపు రికార్డరుని గోడ ప్లగ్గులో పెట్టబోతుంటే, నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకి ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. అది నూరు వోల్టులది, మన ఇంట్లోది రెండువందల ముప్ఫై, మధ్యలో కరెంటు తగ్గించే పెట్టె లేకుండా ముట్టుకోవద్దని నెమ్మదిగా చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను ఆ పిల్ల చేతిలోంచి తీగ లాగేసుకున్నాను. డెబ్బై దాటిన ముసలాడికి టేపు రికార్డరు మీద ఇంత ప్రేమేమిటని ఇంట్లో అందరూ నవ్వుకున్నారు.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కరెంటన్నది పట్నాల్లోనే అపురూపం. అలాంటిది అనంతగిరి కొండల మీద కాఫీతోటల దొర తన బంగళాకి నూనె ఇంజను, డైనమో పెట్టించుకుంటే, దాన్ని నడపడానికి మా మేనమామ సిఫార్సుతో ఇరవయ్యేళ్లకే నేను కొండెక్కాను. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు గనక దొరకీ కూలీలకీ నడుమ దుబాసీని కూడా నేనే, అందుకు మీసం మెలేసుకుని తిరిగేవాణ్ణి. బంగళాలో గుడ్డ పంకా లాగడానికి ఒక కొండవాడు ఉండేవాడు, పెద్దవాడు, నేను తాతా అనేవాణ్ణి. కన్నతల్లి దగ్గర లేని చోట నాకు చలిజ్వరం వస్తే చోడి అంబలి, అదే రాగి జావ, కాచి పోసింది అతనే.

ఒక వేసవిలో దొరకి ఓడ మీద అమెరికా నుంచి కరెంటు పంకా వచ్చింది. అది నూటపది వోల్టులది, మా డైనమో రెండువందల ఇరవై. అందుకని తీగ మధ్యలో ఒక పెద్ద బల్బు కట్టి, సగం జోరు అది తినేసి మిగతాదే పంకాకి అందేట్టు చేశాను. తన పని ఊడగొట్టడానికి వచ్చిందని తెలిసి కూడా తాత, కొత్త పనిముట్టుకి తమవాళ్లు చేసే మర్యాద ప్రకారం కోడిపిల్లని కోసి, పంకా దిమ్మకి నెత్తుటి బొట్టు పెట్టి దండం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తెల్లవాళ్లు పంకా నీరసంగా తిరుగుతోందని నవ్వారు. మా దొర మొహం కందిపోయింది. ఒక్కపూటకి ఏమవుతుందిలే, దొర మెచ్చుకుంటాడు కదా అని నేను తాత చూస్తుండగానే బల్బు విప్పేసి తీగలు నేరుగా కలిపాను. పంకా గిర్రున తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు, భోజనం సగమైనా కాకముందే కమురు వాసన, పొగ, ఆ వెంటనే మంట. అది కిటికీ తెరకి అంటుకుని దొరసాని గౌను అంచు కాల్చింది.

మంటలార్పాక దొర కళ్లు ఆ నెత్తుటి బొట్టు మీద పడ్డాయి. పని పోతుందన్న అక్కసుతో ముసలాడే ఏదో చేశాడని తీర్మానించుకున్నాడు. నేను తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. దొర చెర్నాకోల తెప్పించి, తాత చేతులు నన్నే పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. మొదటి దెబ్బకే వీపు చీలింది, తరవాతి దెబ్బలకి నా చొక్కా మీద నెత్తురు చిందింది. అప్పుడు తాత తలెత్తి నా వంక చూసి మెల్లిగా అన్నాడు.

"బాబూ, ఆ దీపం ఇప్పినోడివి నువ్వే గదా. దొరకి సెప్పవేటి?"

ఏమంటున్నాడని దొర గద్దించాడు. 'బుద్ధి గడ్డితిని చేశాను, క్షమించండి' అంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాను. నేరం ఒప్పుకున్నాడన్న కసితో దొర చెర్నాకోల తిరగేసి, కర్రపిడితో తాత కుడిచేతి మీద కొట్టాడు, విరిగేదాకా కొట్టాడు. ఎముక విరగడం నా పట్టులోనే నాకు తెలిసింది.

మర్నాడు తాత గుడిసె ఖాళీగా ఉంది. కూతురు అతన్ని జయపురం వైపు తీసుకుపోయిందన్నారు. నేను వెతకలేదు, ఇంకో నాలుగేళ్లు అక్కడే ఇంజను నడిపాను.

ఇప్పుడు ఆ కొండల్లోకి రైలు వెళుతోంది, దొరలు పోయారు, కూలివాణ్ణి కొడితే అడగడానికి కోర్టులున్నాయి. కొండ పిల్లలు బడికి వెళ్లి, మనకన్నా బాగా ఇంగ్లీషు మాట్లాడుతున్నారట, వింటే సంతోషంగానే ఉంటుంది. అలాంటి పిల్ల ఒక్కతె ఆ మధ్యాహ్నం అక్కడుంటే తాత మాట ఉన్నదున్నట్టు దొరకి చెప్పేది. ఆ రోజు అక్కడ రెండు భాషలూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.