యుమ్మాతో ఫగా ఏరడానికి వెళ్ళిన చలికాలం

రియాద్‌లో ఒక ముసలావిడను చూసుకోవడమే నా పని. వంటకు వేరే మనిషి ఉండేది. ముసలావిడను ఇంట్లో అందరూ యుమ్మా అని పిలిచేవారు. అమ్మా అని అర్థం. నేనూ అలాగే పిలిచేదాన్ని. స్నానం చేయించడం, జడ అల్లడం, మందులు మింగించడం, నమాజు వేళకు కుర్చీలో సర్ది కూర్చోబెట్టడం, ఇదే పొద్దుటినుంచి సాయంత్రం దాకా. నేను చేరిన కొత్తలో నన్ను పేరు పెట్టి పిలిచేది. తరవాత పేరు మరిచిపోయి "బిడ్డా" అనేది. ఆ తరవాత అదీ పోయింది. ఏం కావాలన్నా చెయ్యి చాచేది, అంతే.

ఆ ఏడాది ఎడారిలో వానలు ముందే పడ్డాయి, గట్టిగా పడ్డాయి. యుమ్మా పెద్దకొడుకు, మేము బాబా అనే ఆయన, ఒకరోజు భోజనాల దగ్గర ఫోను చూపిస్తూ చెప్పాడు. ఉత్తరాన ఇరాక్ సరిహద్దు వైపు ఫగా బాగా పడిందట. మనుషుల్ని తీసుకెళ్ళి, గుడారాల్లో ఉంచి, దగ్గరుండి ఏరించి పంపేవాళ్ళు ఉన్నారట. ఫగా అంటే ఇసుకలో ఊరే పుట్టగొడుగు. పైకి లేవదు. బంగాళాదుంపలా గుండ్రంగా లోపలే ఉంటుంది. ఉరుములు ఎక్కువైన ఏడాది బాగా ఊరుతుందని వాళ్ళ నమ్మకం. కడప జిల్లాలో అడవి పక్క ఊరు మాది. ఉరిమితేనే పుట్టగొడుగులు లేస్తాయని మా వాళ్ళూ అంటారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ ఇంట్లో చేరాక ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు మరి.

"మా అమ్మ గుడారాల్లో పుట్టింది. పెళ్ళయ్యేదాకా ఆ ఇసుకలోనే పెరిగింది. చూస్తే ఏమన్నా గుర్తొస్తుందేమో" అన్నాడు బాబా. ఆయన భార్య సందేహంగా యుమ్మా వైపు చూసింది. యుమ్మా అన్నం మెతుకులు ఒక్కొక్కటే పళ్ళెం అంచుకు నెడుతోంది.

తెల్లారగానే బయలుదేరితే మధ్యాహ్నం దాటాక చేరాం. దారి పొడవునా ఒకటే నేల, ఒకటే ఆకాశం. గుడారాల దగ్గర జనరేటరు మోత. జెద్దా నుంచి, రియాద్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇంకొన్ని ఉన్నాయి. చలిగాలి చెవుల్లో దూరి నొప్పి పుట్టిస్తోంది. యుమ్మాకు గొర్రెతోలు కోటు తొడిగి, తలకు రెండు శాలువలు చుట్టాను. చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడిపోయింది. ఆమెను నా భుజానికి ఆనించుకుని నడిపించాను.

దారి చూపించే మనిషి కుర్రవాడే. అందరికీ తలా ఒక చిన్న తాపీలాంటిది ఇచ్చి, నేలనంటి ఉన్న ఒక మొక్కను చూపించి, ఈ మొక్క కనబడితే దాని చుట్టూ చూడండి, నేల ఉబ్బి బీటవేసి ఉంటే కింద ఫగా ఉంటుంది అని చెప్పాడు. "హారన్ వినబడితే మాత్రం ఎంత దూరంలో ఉన్నా వెనక్కి రావాలి" అని రెండుసార్లు అన్నాడు. పిల్లలు అప్పటికే పరుగెత్తారు.

మేమిద్దరం గుడారానికి దగ్గరలోనే కూర్చున్నాం. యుమ్మాకు ఏదీ గుర్తొచ్చినట్టు లేదు. ఇంట్లో గోడ వైపు చూసినట్టే ఆ మైదానం వైపు చూస్తోంది. ఆమె కాళ్ళ దగ్గరే ఒక బీట కనిపించింది. వేళ్ళతో తవ్వాను. కోడిగుడ్డంత గడ్డ చేతికి వచ్చింది. అడవిలో మొదటి పుట్టగొడుగు దొరికినప్పుడు చిన్నతనంలో ఎంత సంబరమో అంత సంబరమైంది. తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె బొటనవేలి గోరుతో ఇసుక గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎన్నాళ్ళుగానో మాట లేని మనిషి, నా మొహంలోకి చూసి అడిగింది.

"చిన్నదానికి చూపించావా?"

"ఎవరికి యుమ్మా?"

"మన చిన్నదానికి. ఎక్కడుంది అది?" నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో అంత బలం ఉందని నాకు తెలియదు. "తల దించుకుని పోతోంది. పిలువు దాన్ని. నాన్న దాన్ని నాతో పంపాడు."

అప్పుడే దూరంగా బాబా పిల్లలు కనబడ్డారు. ఎర్ర కోటొకటి, పచ్చ కోటొకటి, నేల మీదికి వంగి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోతున్నారు. యుమ్మా నా చెయ్యి వదిలి, తనంతట తాను లేచి నిలబడింది.

"తల ఎత్తండి!" అని అరిచింది. "గుడారం చూసుకోండి! తల ఎత్తండి!"

అందరూ ఆగిపోయి ఇటు తిరిగారు. ఆమె గొంతు జీరపోతున్నా అరుపు ఆపలేదు. ఎవరో ఒకావిడ ఫోను పైకెత్తి వీడియో తీయబోతే బాబా భార్య వెళ్ళి ఆ చెయ్యి కిందికి దించింది. బాబా పరుగెత్తుకొచ్చి తల్లిని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని గుడారంలోకి తీసుకుపోయాడు. పరుపు మీద పడుకోబెట్టి, నన్ను పక్కన ఉండమని చెప్పి, పిల్లల కోసం బయటికి వెళ్ళాడు.

అక్కడ ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఒక ఫగా తీసి ఇంకొకటి, అది తీసి ఇంకొకటి, అలా పోయిందట చిన్నది. గాలి లేచిందట. అడుగుల జాడ పూడిపోయిందట. "నీళ్ళ తోలుసంచి నా దగ్గరే ఉంది" అంది. ఆ మాట చాలాసార్లు అంది.

"దొరికిందా యుమ్మా?"

"దొరికింది. గౌను నిండా ఫగా ఉంది."

ఆమె పాదాలు ఐసుముక్కల్లా ఉన్నాయి. నా ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. నాకే కన్నీళ్ళు ఆగలేదు.

బాబా లోపలికి వచ్చాక సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మా అమ్మకు చెల్లెలు లేదు. ఇద్దరు అన్నలు, అంతే. ఇవి జబ్బు మాటలు. నువ్వు భయపడకు."

యుమ్మాకు టీ కోసం వంటగుడారానికి వెళ్ళాను. అక్కడ వండే అతను జగిత్యాల వైపువాడు. నా అరబీ యాస వినగానే తెలుగులోకి దిగాడు.

"ఏమైందక్కా, పెద్దమ్మ గట్ల ఒర్రుతాంది?"

చెప్పాను. అతను ఫగా కడుగుతున్న చేతులు ఆపాడు.

"అబద్ధమేం గాదక్క. నేల జూస్కుంట పోతే ఎటు వోతున్నమో ఎర్కనే ఉండది. నిరుడు ఒక పెద్దమనిషి తప్పిపోతే బండ్లేసుకొని దేవులాడినం. మనోళ్ళు పుట్టకొక్కులకు వోతే చెట్టో గుట్టో కనవడతది. ఈడ ఏమున్నది? అందుకే గా హారన్."

"వాళ్ళ కొడుకేమో నమ్మడంల్యా అన్నా. చెల్లెలే లేదంటాండాడు."

"గా కాలం ముచ్చట్లు ఆయనకేమెర్క?" అని గ్లాసులో టీ పోసి ఇచ్చాడు. "ఆమెను ఒక్కదాన్నే ఇడ్వకు."

ఆ సాయంత్రం ఫగా వేసి నెయ్యితో అన్నం వండారు. యుమ్మా పళ్ళెం ముట్టలేదు. మర్నాడు మళ్ళీ ఏరడానికి వెళ్ళాల్సి ఉంది కానీ బాబా సామాను సర్దించేశాడు. దారిలో కారులో బాబా చిన్నకూతురు, తన సంచిలో ఉన్నవి ఎవరు తింటారని తల్లిని అడుగుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక యుమ్మా తిండి తగ్గిపోయింది. పిల్లలు బడికి బయలుదేరితే గుమ్మానికి అడ్డంగా నిలబడేది. ఇద్దరు పట్టుకుని పక్కకు తప్పించాల్సి వచ్చేది. తరవాత ఆ ఓపికా పోయింది. ఎండాకాలం ముదరకముందే ఒక మధ్యాహ్నం, నేను నోట్లో పెరుగు పెడుతుంటే మింగడం మానేసింది.

పరామర్శకు వచ్చిన వాళ్ళతో ఇల్లు నిండింది. ఉత్తరాన్నుంచి ఆమెకు వరసకు అన్న అయ్యే ముసలాయన వచ్చాడు. బాబా ఆయన పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. అందరూ వెళ్ళిపోయాక బాబా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆయన ఎప్పుడూ అటు రాడు. నేను కాఫీ కప్పులు కడుగుతున్నాను.

"ఉందట" అన్నాడు. "చెల్లెలు ఉందట. ఆ పిల్ల పోయాక ఇంట్లో ఎవ్వరూ ఆ మాట ఎత్తలేదట. పేరు ఆయనకూ గుర్తు లేదు. నీకేమైనా చెప్పిందా?"

"లేదు బాబా. చిన్నది అనే అనింది."

ఆ రోజు తల్లి అన్న ప్రతి మాటా చెప్పమన్నాడు. చెప్పాను. గాలి సంగతి, గౌనులోని ఫగా సంగతి కూడా చెప్పాను. నీళ్ళ తోలుసంచి మాట మాత్రం నోట రాలేదు. ఆయన తలుపు చెక్కకు ఆనుకుని విన్నాడు. "నేను నమ్మలేదు కదా" అన్నాడు. కొళాయి కట్టేశాను. మసీదు నుంచి నమాజుకు పిలిచే బాంగు వినిపించింది. ఆయన వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు నన్ను అల్ ఖర్జ్‌లో ఉన్న ఆయన చెల్లెలి ఇంటికి పంపారు. నా నివాస అనుమతి కార్డు, ఇఖామా, మార్పించే పనంతా బాబానే చూశాడు. ఇక్కడ కవల పిల్లలు, ఇంకా నడక రాలేదు. గాలి ఇటు తిరిగితే పాల డెయిరీల నుంచి పేడ వాసన వస్తుంది. పని ఎక్కువే. యుమ్మా గదిలో ఇప్పుడు ఎవరుంటున్నారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.