వెనక ఎగిరింది

రిటైరైన ల్యాబ్ అటెండరు ఇరవయ్యేళ్లుగా, చొక్కా గుండీకి పెన్సిలు కట్టుకుని, వారానికోసారి అదే కాలిబాటన గడ్డిమైదానంలో సీతాకోకచిలుకల్ని లెక్కపెడుతున్నాడు. గోధుమరంగు రెక్కమీద నల్లటి కన్ను, కంట్లో తెల్లచుక్క ఉంటే చాలు, ఒక గీత. లెక్కపెట్టిందే మళ్లీ లెక్కకెక్కుతుందని వెనక్కి మాత్రం చూడడు. ఒకప్పుడు గీతలకు కాగితం చాలేది కాదు. మైదానం సగం దున్నేశాక ఆరు వారాలుగా సున్నాలే. ఇవాళా బాట చివరి గుంజ దగ్గర కాగితం తీస్తుంటే, వెనకాల వస్తున్న భార్య అరిచింది.

"ఏమండీ, ఇదిగో ఒకటి! కంట్లో చుక్క కూడా ఉంది!"

ఆయన మెడ సగం తిరిగి ఆగిపోయింది.

"నేను దాటొచ్చిన చోటేగా?"

"అయితే ఏం? ఒక్కటి రాస్తే మీ సొమ్మేం పోయింది?"

ఆయన సున్నా చుట్టాడు.

"రాయకపోతే పోయె, కళ్లారా చూడనైనా చూడండి!"

అప్పుడు తిరిగాడు. గడ్డి ఒక్కటే ఊగుతోంది.